ఎత్తున పనిచేయువారి రక్షణ: తగిన సాధనమును ఎంచుకొను విధము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ పనులను మనము త్రాగునీరు, వీధిదీపములు, పారిశుద్ధ్యము, బడి భవనములు అని పేరుపేరున లెక్కించుచుందుము. ఈ పనులలో ఏదో ఒక దినమున ఎవరో ఒకరు పైకెక్కవలసివచ్చును. నీళ్ల ట్యాంకు కడుగవలెను. ఆరిపోయిన దీపము మార్చవలెను. బడి కప్పుపై రాలిన ఆకును ఊడ్చి వాననీటికి దారి చేయవలెను. ఎక్కువాడు పంచాయతీ కార్మికుడో, దినకూలికి పిలిచిన మనిషియో అయియుండును. ఎక్కుమని చెప్పినవారము మనము. అతనిని క్షేమముగా దింపు బాధ్యతయు మనదే.

ఇంతవఱకు అందరును అంగీకరింతురు. ఆ పిమ్మట మనకు వెంటనే తోచునది "ఒక సేఫ్టీ బెల్టు కొన్న సరి" అనునది. తీర్మానము జరుగును, బెల్టు వచ్చును, బిల్లు చెల్లును. ఆ బెల్టు ఏ పనికి, ఎంత ఎత్తునకు, దేనికి తగిలించుటకు అని మాత్రము ఎవరును అడుగరు. నేడు నేను మనవి చేయదలచిన ముఖ్య విషయము ఒక్కటే: ముందు పనిని పరీక్షించి, తరువాత సాధనమును ఎంచవలెను. ఒక పనిలో ప్రాణము కాచు సాధనమే వేఱొక పనిలో నిరుపయోగమగును; కొన్ని యెడల హానియు చేయును.

పడుటకు పట్టు కాలము

పట్టు తప్పిన మనిషి 5 మీటర్ల ఎత్తునుండి నేలకు చేరుటకు పట్టు కాలము ఇంచుమించు ఒక్క సెకండు. నేలను తాకునప్పటికి అతని వేగము గంటకు 36 కిలోమీటర్లకు దగ్గఱగా ఉండును. 20 మీటర్ల తాటిచెట్టునుండి పడినచో పట్టునది రెండు సెకండ్లు. వేగము గంటకు 71 కిలోమీటర్లు. "నాకు అలవాటే, జారినను ఏదో ఒకటి పట్టుకొందును" అని మన పనివారు ధైర్యముగా చెప్పుచుందురు. వారి నేర్పును నేను శంకించుట లేదు. కాని ఒక్క సెకండులో చేయి చాచి పట్టు చిక్కించుకొనుట ఎంత నేర్పరికైనను సాధ్యము కాదు. కావున రక్షణ అనునది జారుటకు ముందే అమర్చియుండవలెను.

మొదటి ప్రశ్న: అసలు ఎక్కవలెనా?

అన్నిటికంటె మేలైన రక్షణ ఎక్కవలసిన అవసరమే లేకుండ చేయుట. ట్యాంకు నిండినదో లేదో చూచుటకు రోజూ ఒక మనిషి ఇనుప నిచ్చెన ఎక్కుచున్నాడనుకొందము. ట్యాంకు వెలుపల నీటిమట్టము చూపు గుర్తుపలకను, లోపల తేలు బంతిని అమర్చినచో క్రిందనుండియే తెలిసికొనవచ్చును. ఏడాది పొడవున ఎక్కుట తప్పిపోవును. అట్లే పొడుగు కఱ్ఱకు కట్టిన చీపురుతో చేయదగిన పనికి నిచ్చెన ఎందులకు? నేలమీదనే బిగించి పైకి లాగదగిన వస్తువును పైకెక్కి బిగించుట ఎందులకు?

ఎక్కక తప్పదన్నచో రెండవ మెట్టు, అంచున అడ్డు నిర్మించుట. ట్యాంకుపై చుట్టును నడుము ఎత్తున ఇనుప కమ్మీల దడి యుండినచో, ఎక్కిన ప్రతివానికిని అది రక్ష. దానిని ఎవరును ధరింపనక్కఱలేదు, మఱచిపోవుటకును వీలులేదు. త్రుప్పుపట్టిన నిచ్చెన మెట్లను మార్చుటయు ఈ కోవలోనిదే. ఈ రెండును వీలుకానప్పుడు మాత్రమే మనిషి ఒంటికి కట్టు సాధనముల మాట రావలెను. బెల్టు కడపటి రక్షణ. దానితో మొదలిడుట క్రమము తప్పుట యగును.

నాలుగు రకముల సాధనములు

బజారులో దొరకు వానిని నాలుగు తరగతులుగా తెలిసికొన్నచో చాలును.

మొదటిది నడుము బెల్టు. స్తంభము వంటిదాని చుట్టును పట్టీ త్రిప్పి, వెనుకకు ఆనుకొని, రెండు చేతులు విడిచి పనిచేయుటకు ఇది సాధనము. పడినవానిని ఆపుటకు ఇది ఏర్పడలేదు. నడుము బెల్టు మాత్రమే కట్టుకొన్నవాడు పడినచో కుదుపంతయు కడుపుమీదను, వెన్నుపూసమీదను పడును. దేహము రెండుగా మడుచుకొనును. కొన్నిమార్లు మనిషి తలక్రిందులై బెల్టులోనుండి జారిపోవును. సేఫ్టీ బెల్టు అని మనము కొనునది తఱచుగా ఇదియే గనుక ఈ మాటను ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను.

రెండవది నిలువరించు త్రాడు. గుంజకు కట్టిన ఆవు త్రాడు పొడవు దాటి మేయలేదు గదా! అట్లే కార్మికుని త్రాడు కప్పు అంచువఱకు చేరనంత పొట్టిగా ఉండినచో అతడు అంచును చేరడు, పడడు. పడనిచ్చి ఆపుటకంటె పడకుండ ఆపుట మేలు.

మూడవది పూర్తి దేహపు హార్నెస్. భుజములు, ఱొమ్ము, తొడలు అన్నిటిని చుట్టిన పట్టీలు, వీపున ఒక ఇనుప వలయము ఇందులో ఉండును. ఆ వలయమును ఆధారమునకు కలుపు కొక్కెపు త్రాటిని బజారులో లాన్యార్డు అందురు. త్రాటికి షాక్ అబ్జార్బర్ అను పొట్లము తప్పక ఉండవలెను. మనిషి పడినప్పుడు ఆ పొట్లములోని మడతల కుట్లు క్రమముగా తెగి, సాగి, కుదుపును తగ్గించును. పడుచున్న మనిషిని ఆపవలసి వచ్చినచో ధరింపదగినది ఈ హార్నెస్ ఒక్కటే.

నాలుగవది నిలువు త్రాడును, దానిపై నడచు పట్టును. పైనుండి క్రిందికి ఒక గట్టి త్రాడు వ్రేలాడుచుండును. హార్నెస్‌కు తగిలించిన పట్టు మనిషితో పాటు ఆ త్రాటిపై జరుగుచుండును; మనిషి హఠాత్తుగా జారినచో బిగిసి నిలిచిపోవును. నిలువు నిచ్చెనలు ఎక్కుటకు ఇది ఉత్తమము.

త్రాడు పొడవును లెక్కించుట

ఇప్పుడు ఒక లెక్క చేయుదము. కొక్కెపు త్రాడు పొడవు 2 మీటర్లు. షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగినచో మఱి 1.75 మీటర్లవఱకు పోవచ్చును. వీపు వలయమునుండి పాదములవఱకు మనిషి పొడవు సుమారు 1.5 మీటర్లు. పాదములకు, నేలకు నడుమ 1 మీటరైన ఎడము ఉంచవలెను. అన్నియు కూడినచో 6.25 మీటర్లు. అనగా కొక్కెము తగిలించిన చోటునకు దిగువన ఇంత ఖాళీ ఉన్నచో మాత్రమే ఆ సాధనము మనిషిని కాపాడగలదు.

మన బడి కప్పు ఎత్తు 3.5 మీటర్లు అనుకొందము. కార్మికుడు మంచి హార్నెస్ ధరించి, 2 మీటర్ల త్రాటిని కప్పు అంచున కాలిదగ్గఱ తగిలించెను. జారెను. త్రాడు బిగియుటకు 2 మీటర్లు, మనిషి పొడవు 1.5 మీటర్లు; త్రాడు బిగియు క్షణముననే పాదములు నేలను తాకును. సాధనము మేలురకమైనదే, ధరించిన విధమును సరియైనదే, కాని ఫలము లేదు. ఆ కప్పునకు తగినది రెండవ రకమైన నిలువరించు త్రాడు. కప్పు మధ్యను గాని, ఎదుటివైపున గాని ఆధారము చూచి, అన్నిటికంటె దగ్గఱనున్న అంచును కొలిచి, అంతకంటె పొట్టిగా త్రాటిని అమర్చవలెను.

ఇందుండియే మఱియొక సూత్రము తెలియుచున్నది. కొక్కెమును ఎల్లప్పుడు తలకు పైన తగిలించవలెను. పైన తగిలించినచో పడు దూరము తగ్గును, కుదుపును తగ్గును. కాలిదగ్గఱ తగిలించినచో రెండును పెరుగును.

దేనికి తగిలించవలెను?

హార్నెస్ ఎంత గట్టిదైనను అది తగిలించిన ఆధారమంత గట్టిదే. పడుచున్న మనిషి లాగుడు అతని బరువుతో సమానము కాదు. అంతకు అనేక రెట్లు ఉండును. షాక్ అబ్జార్బర్ ఆ కుదుపును 6 కిలోన్యూటన్లకు, అనగా సుమారు 600 కిలోల బరువుతో సమానమైన లాగుడునకు మించకుండ చేయును. ఆధారము దీనికి రెట్టింపైనను ఓర్చుకొనవలెను. యూరోపు ప్రమాణములలో ఆధారపు పరీక్షకు 12 కిలోన్యూటన్లు విధించిరి. అమెరికా నియమములలో ఒక్కొక్క మనిషికి 5,000 పౌండ్లు, అనగా సుమారు 2,270 కిలోలు విధించిరి.

కావున నీటి గొట్టము, త్రుప్పు పట్టిన కమ్మి, ఇటుకల పిట్టగోడ, కిటికీ ఊచ, రేకును బిగించిన కొక్కెము, ఇవి ఆధారములు కావు. ట్యాంకు కాంక్రీటులోనే ఒక వలయమును బిగింపించుట మేలు. ఈ పనిని గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుచే చూపించి చేయించవలెను. క్రొత్త ట్యాంకు అంచనా వేయునప్పుడే దీనిని అడిగినచో ఖర్చు స్వల్పము. కట్టిన తరువాత తొలిచి బిగించుట కష్టము.

పనికి తగిన సాధనము

ఇక మన గ్రామములలోని పనులను ఒక్కొక్కటిగా చూతము.

నీళ్ల ట్యాంకు: నిలువు నిచ్చెన ఎక్కునప్పుడు నిలువు త్రాడు, దానిపై నడచు పట్టు, పూర్తి హార్నెస్ కావలెను. నిలువు త్రాడు లేనిచోట రెండు కొక్కెముల లాన్యార్డు వాడవచ్చును. ఒక కొక్కెమును పై భాగమున తగిలించిన తరువాతనే రెండవదానిని క్రిందనుండి విప్పవలెను. ఏ క్షణముననైనను ఒకటి తగిలియుండవలెను. అయితే నిచ్చెన మెట్లు గట్టివని ఇంజనీరు చెప్పినప్పుడే ఈ పద్ధతి చెల్లును. ట్యాంకు లోపలికి దిగి కడుగునప్పుడు వెలుపల మూత దగ్గఱ ఒక మనిషి ఎడతెగక కాపుండవలెను.

వీధిదీపపు స్తంభము: ఇచ్చట పడుటకంటె ముందు విద్యుత్తు ప్రమాదమున్నది. ఏ బెల్టును కరెంటునుండి కాపాడదు. వీధిదీపముల స్విచ్చి ఆపినంత మాత్రమున ఆ స్తంభముపైని ఇతర తీగలలో కరెంటు ఆగదు. విద్యుత్ సంస్థవారి లైన్ క్లియర్ లేనిదే, శిక్షణ లేనివానిని స్తంభమెక్కింపరాదు. తీగల దగ్గఱ అల్యూమినియము నిచ్చెన వాడరాదు. నడుము బెల్టు ఇచ్చట పనికి వచ్చును, కాని స్తంభముమీద ఆనుకొనుటకు మాత్రమే; దానితో పాటు హార్నెస్‌కు తగిలించిన వేఱొక రక్షణ త్రాడు ఉండవలెను.

సిమెంటు రేకుల కప్పు: పాతబడిన రేకు మనిషి బరువునకు పెళుక్కున విరుగును. పడువాడు అంచునుండి కాదు, రేకు నడుమనుండి పడును. కావున రేకుపై కాలు మోపకుండ, దూలములమీద ఆనునట్లు పొడుగైన బల్లలు పఱచి వానిమీదనే నడువవలెను. వీలైనచో క్రిందనుండి పరంజా కట్టి పని ముగించుట శ్రేయస్కరము.

వాల్చు నిచ్చెన: చిన్న పనులకు ఇదియే మన సాధనము. నిచ్చెన ఎత్తు నాలుగు పాళ్లు ఉన్నచో, దాని కాళ్లు గోడకు ఒక పాలు దూరమున ఉండవలెను. పైకెక్కి దిగవలసిన అంచునకు నిచ్చెన ఒక మీటరు మిక్కిలిగా ఉండి, పైన కట్టియుండవలెను.

తాటిచెట్టు: ఇది పంచాయతీ పని కాకపోవచ్చును, కాని కల్లుగీత కార్మికుల కుటుంబములు మన గ్రామమువే. వారి మోకు తరతరముల అనుభవమునుండి పుట్టిన సాధనము. చెట్టును, మనిషిని కలిపి పట్టి, చేతులకు పనిచేయు వీలు కల్పించును. కాని పాదము జారి, మోకు సడలినచో నేలవఱకు అడ్డు లేదు. వానకు మాను తడిసినప్పుడు, మట్టలు అడ్డము వచ్చి పట్టు మార్చుకొనునప్పుడు అపాయము హెచ్చు. ఒక పట్టు విడిచినను రెండవది నిలుచునట్లు చేయుటయే దీనికి ఉపాయము. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము గీత కార్మికులకు రక్షణ సామగ్రి పంపిణీని ప్రారంభించి, ఆ వృత్తివారు కొలుచు దైవము పేర "కాటమయ్య రక్ష" అని పేరిడినది. అట్టి సామగ్రి ఎక్కడ లభించినను, శిక్షణ లేనిదే దానివలన ప్రయోజనము లేదు. సామగ్రి మూలపడియున్నదా, వాడుకలో నున్నదా అని విచారించి, నేర్చినవారిచే నేరనివారికి చెప్పించుట పంచాయతీ చేయదగిన సేవ.

కొనుట, భద్రపఱచుట

కొనునప్పుడు తక్కువ ధర ఒక్కటే చూడరాదు. హార్నెస్‌లకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3521, తలకు పెట్టుకొను హెల్మెట్లకు ఐ.ఎస్. 2925. కొటేషను పిలుచునప్పుడే ఈ సంఖ్యలను వ్రాయవలెను. వచ్చిన సరకుపై ఆ గుర్తు, తయారైన తేదీ, మోయగల బరువు ఉన్నవో లేవో చూచి తీసికొనవలెను. ఇట్టి హార్నెస్‌లు సామాన్యముగా 100 కిలోల బరువునకు ఏర్పడినవి. ఇందులో మనిషి బరువుతో పాటు అతడు మోయు పనిముట్ల బరువును చేరియున్నది. హెల్మెట్‌కు గడ్డము క్రింది పట్టీ లేనిచో పడునప్పుడు తలకంటె ముందు అదియే ఎగిరిపోవును.

ధరించువారి కొలతకు హార్నెస్ సరిపోవలెను. తొడ పట్టీ లోపలికి అఱచేయి చదునుగా దూరవలెను, పిడికిలి దూరరాదు. స్త్రీ కార్మికులు ఎక్కు పని యున్నచో వారికి సరిపోవు కొలతను వేఱుగా తెప్పించవలెను.

భద్రపఱచు చోటు గూర్చి ఒక హెచ్చరిక. పంచాయతీ కార్యాలయములో సామానంతయు ఒకే గదిలో నుండును. బ్లీచింగు పౌడరు బస్తా ప్రక్కనే హార్నెస్ పడవైచుట కలదు. బ్లీచింగు పౌడరు నైలాను పోగులను తినివైచును. చూచుటకు పట్టీ బాగుగనే యుండవచ్చును, బలము మాత్రము తఱుగును. ఎండయు, ఎలుకలును అట్టివే. కావున దానిని పొడిగానున్న నీడపట్టున, ఎలుకలకు అందకుండ, ప్రత్యేకముగా ఒక కొయ్యకు తగిలించియుంచవలెను. ట్యాంకు కడిగిన పిమ్మట మంచినీటితో కడిగి నీడలో ఆరవేయవలెను.

ఎక్కుటకు ముందు ప్రతిమారును పట్టీల కుట్లు, కోతలు, కాలిన మచ్చలు, కొక్కెము మూత బిగువు చూడవలెను. త్రాటికి ముడి వేయరాదు. ముడి త్రాటి బలమును తగ్గించును. ఒక్కమారు మనిషిని పడకుండ ఆపిన హార్నెస్‌ను, త్రాటిని ఇంకెన్నడును వాడరాదు. "బాగుగనే యున్నది గదా" అని దాచుకొనక, కోసి పారవేయవలెను.

వ్రేలాడుచున్నవానిని దింపుట

హార్నెస్ పనిచేసినది, మనిషి నేలపై పడలేదు, ఎత్తున వ్రేలాడుచున్నాడు. ఇంతటితో ప్రమాదము తీరలేదు. కదలిక లేక వ్రేలాడువాని కాళ్లలో రక్తము నిలిచిపోవును. కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. పట్టణమునుండి అగ్నిమాపక దళము వచ్చువఱకు చూచుచు నిలువరాదు. 108కు కబురు చేయుచునే, దింపు పని మొదలిడవలెను. కావున ఎక్కుటకు ముందే ఎవరు దింపుదురు, ఏ నిచ్చెనతో, ఏ త్రాటితో అని నిశ్చయించియుండవలెను. వ్రేలాడువాడు కాళ్లు ఆడించుచు, వీలున్నచో ఒక త్రాటి ఉచ్చులో పాదముంచి నిలుచుట మంచిది. ఒంటరిగా ఎవరిని ఎక్కింపరాదనుటకు ఇదియే కారణము. నేలపై పడినవానిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తరాదు. వెన్ను విఱిగియుండవచ్చును గనుక బల్లపై కదలకుండ చేర్చవలెను.

పంచాయతీ చేయదగిన తీర్మానము

మీ గ్రామమునకు మరలిన పిమ్మట వచ్చు సమావేశములో ఈ విషయములను తీర్మానముగా వ్రాయింపుడు. గ్రామములో ఎత్తున చేయు పంచాయతీ పనులన్నిటికిని ఒక పట్టిక వ్రాయవలెను. ఒక్కొక్క దానికి ఎత్తు ఎంత, ఎక్కకుండ చేయు ఉపాయము ఏది, ఆధారము ఎక్కడ, ఏ సాధనము కావలెను, ఎవరు దింపుదురు అని ఎదురుగా వ్రాయవలెను. జవాబు లేని పని జవాబు దొరకువఱకు ఆగవలెను. గాలివాన వేళ, చీకటి వేళ, మద్యము సేవించినవానిని, తల త్రిప్పుచున్నవానిని ఎక్కింపరాదు. గుత్తకిచ్చిన పనియైనను ఈ షరతులు ఒప్పందములో చేరవలెను. గుత్తదారు మనిషియు మనిషియే.

చివరి అంశము అన్నిటికంటె ముఖ్యము. "ఇది క్షేమముగా లేదు, నేను ఎక్కను" అని కార్మికుడు చెప్పినచో దానిని ధిక్కారముగా భావింపరాదు, కూలి కోయరాదు. ట్యాంకు మెట్టు ఎక్కడ కదలుచున్నదో దినదినము ఎక్కువానికి తెలిసినట్లు మనకు తెలియదు. అతని మాట విని, మెట్టు బాగుచేయించిన పిమ్మటనే పని చెప్పవలెను. సాయంకాలము పని ముగించి అతడు తన కాళ్లమీద ఇల్లు చేరినప్పుడే ఆ పని పూర్తియైనట్లు పంచాయతీ పుస్తకములో వ్రాసికొనుడు.